నీళ్లది కాదు తప్పు

ఆంధ్రా సరిహద్దును ఆనుకున్న ఒడిశా ఊరు గిరిసోలలో ఎవరికి కిడ్నీ జబ్బన్నా ముందు నీళ్ల మాటే వస్తుంది. భార్య పుణ్యవతి కాళ్లు వాచేసరికి పైడయ్య ఇంటి బావి నీళ్లు మాన్పించి, సైకిలు మీద డబ్బాలతో దూరం నుంచి నీళ్లు మోశాడు. అంతటితో ఊరుకోలేదు. పక్క జీడితోట తాతారావు కొట్టే పురుగుమందే బావిలోకి దిగుతోందని టీ కొట్టు దగ్గర, నలుగురిలో అతని చొక్కా పట్టుకున్నాడు.

నీళ్లు మారినా వాపు తగ్గలేదు. ఎండలోకి వెళ్తే ఆమె బుగ్గలు ఎర్రగా కందేవి. పొద్దున్నే వేళ్లు ముడుచుకునేవి కావు. మూత్రం నురగలు కట్టేది. చివరికి బరంపురం ఆసుపత్రిలో వీపులోంచి సూది వేసి, కిడ్నీ ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా పైడయ్య వరండాలో కూర్చోలేకపోయాడు, నిలబడలేకపోయాడు. టీ కొని తాగకుండానే పారబోశాడు.

డాక్టరమ్మ ఒడియాలో చెప్పింది.

"ఇది నీళ్ల వల్ల వచ్చింది కాదు. లూపస్ అంటారు. బయటి క్రిములతో పోరాడాల్సిన రక్షణ శక్తి దారి తప్పి సొంత ఒంటి మీదే పడింది. ఇప్పుడు కిడ్నీలో రక్తాన్ని వడకట్టే జల్లెడను పాడుచేస్తోంది."

"ఎవులు సేసినారమ్మా ఇది?" కంగారులో తెలుగులో అడిగేసి, మళ్లీ ఒడియాలో అడిగాడు.

"ఎవరూ చెయ్యలేదు. ఆ శక్తిని అణచే మందులిస్తాం. త్వరగానే వచ్చారు, కిడ్నీలు నిలబడొచ్చు. మందు మాత్రం మానకూడదు."

విన్నాక పుణ్యవతి తన చేతులకేసి చూసుకుంది.

"నా ఒళ్లే నా మీద పడినాదేటి? మరి తాతారావన్ననెందుకలా పట్టుకున్నావు?"

పైడయ్య మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మందులతో వాపు కొంత దిగింది. ఆ మందుల వల్లే ముఖం మాత్రం గుండ్రంగా ఉబ్బి, ఆమెకు నిద్ర కరువైంది. ఊరికి రాగానే పైడయ్య జీడితోటకు వెళ్లాడు.

"తప్పయిపోనాది బావా."

తాతారావు చేతిలో పని ఆపలేదు. "నలుగురిలో పట్టుకున్నావు. నలుగురిలోనే సెప్పు."

టీ కొట్టు దగ్గర చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. "నీళ్లు కాపోతే మరేటి?" అన్నారు. డాక్టరమ్మ మాటలు చెప్పబోతే నోట్లోనే చిక్కుపడ్డాయి. "సాల్లే, కూకో," అని తాతారావే బల్ల మీద చోటిచ్చాడు.

మళ్లీ పరీక్షకు బరంపురం రైలెక్కారు. పుణ్యవతి ఎండ తగలకుండా కొంగు బుగ్గల మీదికి లాక్కుంది. పైడయ్య వంగి ఆమె చీలమండ బొటనవేలితో నొక్కాడు. కొద్దిగా సొట్ట పడింది, నీరు ఇంకా ఉన్నట్టే. నిన్న పడిందా? గుర్తు రాలేదు. మళ్లీ నొక్కాడు.

"ఊరుకో, ఎన్నిసార్లు సూత్తావు?" అని ఆమె కాలు వెనక్కి లాక్కుంది.