గంగారత్నం తినని గుడ్లు

గంగారత్నం ముక్కుకు చున్నీ బిగించి కట్టుకుని ఆమ్లెట్లు వేస్తోంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ గుడ్డు నోట పెట్టింది లేదు. వాసన తగిలితే చాలు, కడుపులో దేవేస్తుంది. అయినా వేస్తుంది, చక్కగా పొంగేలా వేస్తుంది. కువైట్‌కి వచ్చింది ముక్కు మూసుకుని కూర్చోడానికా?

అమలాపురం దగ్గర పల్లె. నలభై ఏళ్ళు, పొట్టి మనిషి, మోచేతుల మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలు. ఈ ఇంట్లో చేరి రెండేళ్ళు. ఇంటివాళ్ళ పిల్లాడు, ఏడాదిన్నర ముబారక్, పుట్టిన దగ్గర్నుంచీ ఆవిడ చంకలోనే పెరిగాడు.

ఆ శుక్రవారం పొద్దున మామా, ఇక్కడ పనివాళ్ళు ఇంటి యజమానురాలిని అలాగే పిలవాలి, ఫ్రిజ్ తలుపు తీసి, నడుం మీద చెయ్యి వేసుకుని, డ్రైవర్ని కేకేసింది. డ్రైవర్ అబ్దుల్ ఖుద్దూస్‌ది రాయచోటి. ఇంట్లో అరబ్బీకీ తెలుగుకీ మధ్య వంతెన అతనే.

"అక్కా, గురువారం గురువారం గుడ్లు మాయమైతాండాయంట. నువ్వే తింటాండావంటాది."

"నేనా? గుడ్డా?" గంగారత్నానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తీసిన మాట మాత్రం నిజం. గురువారం సాయంత్రాలు మామా ఆడపడుచులు ముగ్గురూ దిగుతారు. పిల్లాడి బుగ్గలు పుణికి, ఎంత తెలుపో, ఎంత బొద్దో అని మురిసిపోతారు. మాషాల్లా అంటారు, కాదనను. ఆ ఒక్క మాటకి పోయే దిష్టేనా అది! వాళ్ళు గుమ్మం దాటగానే పిల్లాడు పాలు మానేసి దగ్గు మొదలెడతాడు. అందుకని గంగారత్నం ఆడపడుచుకో గుడ్డు చొప్పున తీసి, వాడి తల చుట్టూ తిప్పి, వీధి మలుపులో ఠపీమని కొట్టేది. తర్వాత వాడు సీసాడు పాలూ గటగటా తాగేవాడు.

"దిష్టి తీశానని చెప్పెయ్ తమ్ముడూ."

ఖుద్దూస్ మొహం పాలిపోయింది. "వద్దక్కా! తల చుట్టూ తిప్పినావంటే మంత్రాలనుకుంటారు. పోలీసులు పట్టుకపోతారు. తిన్నానని ఒప్పుకో."

ఒప్పుకుంటే ఇంటికి పంపేస్తారు. పంపితే పంపారు, ఆ పేరో? బంగారం కొట్టేసిందంటే పేరుకి కాస్త బరువైనా ఉండేది. గుడ్ల దొంగ గంగారత్నం! చచ్చేదాకా వదలరు ఊళ్ళో. కానీ పోలీసులకంటే ఆ పేరే నయం.

"సరే, తిన్నాననే చెప్పు."

మామా తెలివితక్కువది కాదు. ముక్కుకు కట్టిన చున్నీ రోజూ చూస్తూనే ఉంది. ఉడికించిన గుడ్డొకటి పళ్ళెంలో పెట్టి, తినమని సైగ చేసింది. గంగారత్నం వెంకన్నని తలచుకుని సగం నోట్లో పెట్టుకుంది. ఆ తర్వాత జరిగింది మామా కొత్త తివాచీ మీదే జరిగింది.

"మరి గుడ్లేమయినాయని అడుగుతాంది" అని ఖుద్దూస్ పైకప్పు చూశాడు.

కిటికీ పక్క పరుపు మీద తస్బీ పూసలు తిప్పుకుంటున్న మామా అత్తగారు అప్పుడు గొంతు సవరించుకుంది. ఆవిడ ఏదో అంటూంటే ఖుద్దూస్ కళ్ళు పెద్దవయ్యాయి.

"పెద్దమామా అంతా చూసిందంటక్కా! దిష్టికని రోజూ పటిక కాల్చినా తగ్గని దగ్గు నీ గుడ్డుకి తగ్గిందంట. ఇంకో డజను తెప్పియ్యమంటాంది!"

గంగారత్నం ప్రాణం లేచొచ్చింది. కానీ మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చిన కఫీల్, ఇంటి యజమాని, అంతా విని నవ్వలేదు. నా ఇంట్లో ఇలాంటివి ఖలాస్ అన్నాడు. తల్లి మొహం చూసి పోలీసుల మాట ఎత్తలేదు. ఆదివారం విమానానికి టికెట్ తెప్పిస్తానన్నాడు.

"దొంగనని ఎక్కడైనా రాస్తారేమో అడుగు తమ్ముడూ."

రాయనన్నట్టు కఫీల్ తల అడ్డంగా ఊపాడు.

"అయితే పర్లేదు. మంత్రగత్తెనన్నా బాగానే ఉంటుంది, ఊళ్ళో కాస్త భయపడి ఛస్తారు."

అలా అందిగానీ, ఆదివారం గేటు దగ్గర పిల్లాడు చేతులు చాచి ఏడుస్తుంటే ఆవిడకి కారు తలుపు కనపడలేదు. విమానాశ్రయం దాకా వెక్కుతూనే ఉంది.

ఆ సాయంత్రం మామా మొదటిసారి తనే పిల్లాడికి స్నానం చేయించింది. కాలు రుద్దబోయి ఆగింది. ఆ కాలు తడవకుండా పైకెత్తి పట్టుకుని, మిగతా ఒళ్ళంతా ఒంటిచేత్తో రుద్దింది. అరికాల్లో కందిగింజంత దిష్టిచుక్క, వెళ్ళేముందు గంగారత్నం మామాని అడక్కుండా మామా సుర్మా కాటుకతోనే పెట్టింది, చెక్కుచెదరకుండా ఉంది.