కోలరాయిలో నీడ

మేస్త్రి నోట "బాగుంది" అన్న మాట విన్నవాళ్లు ఆ వీధిలో లేరు. తాపీ పట్టిన నాటి నుంచి ఆయన కట్టిన గోడలకు లెక్కలేదు. ఒక్కదాన్నీ మెచ్చుకోలేదు. ఇక ఎదుటివాడు కట్టినదైతే చెప్పనక్కరలేదు. వెనకాల అందరూ వంకల మేస్త్రి అంటారు. అబద్ధం కాదు గనక ఆయన ఊరుకున్నాడు.

భార్య ఉన్నప్పుడు ఇంటికి వచ్చినవాళ్లతో ఆ మంచి మాటేదో ఆవిడే అనేది. ఆవిడ పోయాక ఇంట్లో మాటే లేకుండా పోయింది. కొడుకు కరెంటు పనికి వెళ్లి వచ్చేవాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్లు. కూరలో ఉప్పెక్కువైందని మేస్త్రి విసుక్కునేవాడు. వండింది ఆయనే.

ఆ కొడుకు ఒక దర్జీ పిల్లను ఇష్టపడ్డాడు. పొగరుబోతు పిల్ల అన్నాడు గాని మేస్త్రి కాదనలేదు. నిశ్చితార్థానికి వజ్రపుటుంగరం అనుకునేసరికి ఆ పిల్లే అడ్డం తిరిగింది.

"మామయ్యగారు చూసి, ఆయన నోటితో ఆయనే బాగుంది అంటేనే పెట్టుకుంటాను. లేకపోతే జన్మంతా నా చెయ్యి కనబడ్డప్పుడల్లా వంక వింటూ వడ్డించాలి. నా వల్ల కాదు."

"మా నాన్న అననే అనడు," అన్నాడు కొడుకు.

"అనేదాకా పెళ్లి ఆగుతుంది."

ఈ సంగతి కొడుకు దాచకుండా చెప్పాడు. మేస్త్రి మనసు రెండుగా చీలింది. లేని గుణం ఉందని చెప్పడం ఆయనకు చేతకాదు. అలాగని చెప్పకపోతే ఆ ఎదురెదురు భోజనమే గతి.

ముగ్గురూ కలిసి నగల షాపుకు వెళ్లారు. లోపలికి అడుగు పెట్టగానే మేస్త్రి చేతిసంచీలోంచి వాలు చూసే రసమట్టం తీసి గాజుబల్ల మీద పెట్టాడు. లోపలి బుడగ ఒక వైపుకు జరిగింది.

"నీ బల్ల ఒరిగిందమ్మా."

"ఎప్పట్నుంచో అంతేనండీ," అంది షాపావిడ నవ్వుతూ. "కూర్చోండి. ఎలాంటి రాయి చూపించమంటారు?"

"పొడుగ్గా ఉండేవి," అంది దర్జీ పిల్ల. "నా వేళ్లు పొట్టి. గుండ్రటి రాయి పెడితే బొత్తాం కుట్టినట్టుంటుంది."

షాపావిడ ముందు పడవలాంటి రాయి తీసింది. రెండు కొసలూ మొన తేలి ఉన్నాయి. పిల్ల ఉంగరం తొడుక్కుంటే వేలు నిజంగానే పొడుగ్గా కనబడింది. కొడుకు ముఖం వికసించింది. పిల్ల మాత్రం తన సంచీలోంచి పట్టుముక్క ఒకటి తీసి దాని మీద చెయ్యాడించింది. దారం లేచి వచ్చింది.

"వద్దండీ. రోజంతా బట్ట మీద తిరిగే చెయ్యి ఇది. దీంతో కుడితే చీర తెచ్చినావిడ నన్ను కుట్టి పెడుతుంది."

మేస్త్రి ఆ పట్టుముక్క వంక చూశాడు. తనలాగే మరొకరు సంచీలో పరీక్ష వేసుకుని వస్తారని ఆయన అనుకోలేదు.

తరవాత నీటిబొట్టు ఆకారం వచ్చింది. ఒక వైపు గుండ్రం, ఒక వైపు మొన.

"బరువంతా ఒక పక్కే. వేలి మీద పక్కకు తిరిగిపోతుంది," అన్నాడు మేస్త్రి.

"మొన ఎటు ఉండాలి మామయ్యగారూ, నా వైపా, చూసేవాళ్ల వైపా?"

"చూసేవాళ్ల వైపే. నీ నోరులాగా."

పిల్ల పకపకా నవ్వింది. కోపం వస్తుందనుకున్న కొడుకు ఊపిరి పీల్చుకున్నాడు.

మూడోది నిలువు పలక. ఇటుకలా ఉందని మేస్త్రి ఆశగా అందుకున్నాడు. అద్దం కిటికీలోంచి చూసినట్టు లోపలంతా కనబడింది. ఒక తెల్లటి నలుసు కూడా కనబడింది. ఇటుకైనా సరే, వదల్లేదు. "నలుసు," అని వెనక్కి ఇచ్చేశాడు.

చివరికి కోలరాయి. ఎక్కడా మొన లేదు, మూల లేదు.

"గుడ్డు వచ్చేసింది," అన్నాడు కొడుకు. "ఇక ఈకలు పీకడమే తరువాయి, కానియ్ నాన్నా."

పిల్ల నవ్వలేదు. ఉంగరం తొడుక్కుని పట్టుముక్క మీద చెయ్యాడించింది. దారం లేవలేదు. ఇక ఏమీ మాట్లాడలేదు. అంత నోరూ మూతపడిందంటే మనసు పడిందన్నమాటే. మేస్త్రి ఈ ఒక్కదానికి వంక లేకుండా ఉంటే చాలుననుకుని ముక్కు తగిలేటంతగా వంగాడు.

రాయి నడుమ నల్లటి నీడ. సీతాకోక రెక్కలు విప్పినట్టు అడ్డంగా ఉంది.

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాడు. రాలేదు.

"నడుమ చీకటిగా ఉందమ్మా," అన్నాడు.

ఆ పిల్లను అమ్మా అనడం అదే మొదలు. పిల్ల ముఖం చిన్నబోయింది. మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ చెయ్యి దూరమవుతుంటే రాయి నడుమ నీడ పలచబడింది.

"ఆగు. మళ్లీ దగ్గరికి తే."

తెచ్చింది. చీకటి.

"దూరం పెట్టు."

వెలుగు.

"నాన్నా, దీపం నీ నెత్తికి వెనకుంది," అన్నాడు కరెంటు కొడుకు. "నీ తలకాయే అడ్డం."

"ఈ కోలరాళ్లన్నిటికీ కాస్త నీడ ఉంటుందండీ," అంది షాపావిడ. "దీనికి తక్కువ. చెయ్యి కళ్లకు ఆనించుకుని ఎవరూ తిరగరు కదా."

మేస్త్రి తల ముందుకు పెట్టి చూశాడు, వెనక్కి తీసి చూశాడు. కోడిపుంజులా మెడ ఆడిస్తున్న ఆయన్ని చూసి పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. ఆయన మీసం కూడా కదిలింది.

"అయితే నా వంట కూడా కాస్త దూరం నుంచే చూడండి మామయ్యగారూ."

"దూరం నుంచి ఎవరి వంటైనా బాగానే ఉంటుంది. తింటేనే తెలిసేది."

"సరే, ఉంగరం సంగతి చెప్పండి."

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. ఎన్నడూ తిరగని మాట, నాలుక మొండికేసింది. చటుక్కున మోకాళ్ల మీద కూర్చుని బల్ల కిందికి దూరాడు. సంచీలోని అట్టముక్క మడిచి పొట్టి కాలి కింద దోపాడు. పైన రసమట్టంలో బుడగ నడిమికి వచ్చి నిలిచింది.

"బాగుంది," అని బల్ల కింద నుంచి వినబడింది.

పిల్ల వంగి చూసింది. "బల్లా, ఉంగరమా?"

"రెండూ."

"అయితే రెండుసార్లు అనాలి. పైకి వచ్చి అనాలి."

మేస్త్రి లేచాడు. మోకాళ్లు దులుపుకున్నాడు. ఒకడుగు వెనక్కి వేసి, దీపానికి అడ్డం లేకుండా నిలబడి, చాచి ఉన్న ఆ చేతిని చూస్తూ రెండోసారి అన్నాడు.