రెండో పొట్లం

"ఇష్టపడే పోయినావు గదమ్మా, ఇంక కేసు యాడుండాది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, నందిత ఫిర్యాదును ముట్టుకోకుండానే. ఒప్పుకుంది కాబట్టి తప్పు లేదట. ఒప్పుకీ తప్పుకీ ఇంత చుట్టరికం ఉందని మాకు ఆ రోజే తెలిసింది.

ఆమె వెనక నిలబడ్డవాళ్లం మేము. గుడియాత్తం అగ్గిపెట్టెల కంపెనీ ఆడవాళ్లం. పుల్లలు చేసేదీ మేమే, ఒకరి మీద ఒకరం పుల్లలు పెట్టేదీ మేమే. అందుకే సగంమందిమి అండగా వెళితే, సగంమందిమి వేడుక చూడ్డానికి వెళ్లాం.

మా కాంట్రాక్టరు హేమనాథ్ నెమిలి ఊరి భూస్వామి కొడుకు. వాడు కూలి కోసినా నోరెత్తలేదు మేము. పుల్లలకు అద్దే మందు ఘాటుకు ఊపిరాడకపోయినా దగ్గుతూనే పనిచేశాం. కానీ నందితను మందు గది నుంచి తీసి ఫ్యాను కింద కూర్చోబెట్టిన నాడు మాత్రం అగ్గిపుల్ల లేకుండానే మండాం. అందరికంటే ఎక్కువ కాంచన మండింది. అంతకుముందు ఆ ఫ్యాను కింద కూర్చున్నది తనే.

సాయంత్రం యూనియన్ కొట్టంలో మీటింగు. వేలూరు నుంచి వకీలు లక్ష్మీకాంతమ్మ వచ్చింది.

"పెండ్లి మాట తప్పినోళ్లనంతా జైల్లో ఎయ్యరమ్మా," అంది. "మనసు మారితే నేరం గాదు. మాటిచ్చిన నాడే వానికి చేసుకునే మనసు లేదని చూపియ్యల్ల. కొత్త చట్టం అడిగేది అదే."

పెళ్లి చేసుకుంటానని హేమనాథ్ మాట ఎలా ఇచ్చాడో నందిత చెప్పింది. అమ్మవారి గుడిలో పూలు కట్టి చూశాడట. మా వైపు వాడుకే అది. ఎర్ర పువ్వు ఒక పొట్లంలో, తెల్లది ఒక పొట్లంలో కట్టి అమ్మ ముందు పెడతారు. తీసిన దాంట్లో తెల్లది ఉంటే అమ్మ సరే అన్నట్టు. రెండో పొట్లం ఎవరూ విప్పరు, విప్పితే అమ్మను అనుమానించినట్టే. నందిత చేతికి తెల్లది వచ్చింది. అమ్మే ఒప్పుకున్నాక తనెందుకు కాదనాలని అతని వెంట పోయింది. ఇప్పుడు వాడు భూములున్న ఇంట్లో పెళ్లి కుదుర్చుకున్నాడు.

"ఫ్యాను గాలి తిన్నోళ్లు ఉక్క గూడా తినల్ల," అంది పంకజం. మాలో కొందరు నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పుడు కాంచన లేచింది.

"నాకూ కట్టినాడు పూలు. నాకూ తెల్లదే వచ్చె. మళ్లీ దీన్ని గుడికి పిల్చుకపోతా ఉంటే ఓర్చుకోలేక వెనకే పోతిని. వాళ్లు పోయినాక రెండో పొట్లం విప్పి చూస్తిని." "దాంట్లోనూ తెల్లదే."

లక్ష్మీకాంతమ్మ మెల్లిగా అడిగింది, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని.

"దీనికీ నా గతే పట్టనీ అనుకుంటినమ్మా. కడుపుమంట."

నందిత లేచి ఆమెను చెంప మీద కొట్టింది. మేమెవరం ఆపలేదు. కాంచనా ఆపలేదు.

స్టేషన్లో ఇది చెబితే కాంచనకు కుదిరిన తిరువలం సంబంధం నిలవదు. ఆ సంగతి గుర్తు చేసింది పంకజమే. ఈసారి ఎవరం నవ్వలేదు.

"పోనీ అక్కా," అంది కాంచన. "వాడు రేపు నీ కూతురికి కట్టడా పూలు?"

అసూయ ఎంతకాలం పక్కవాళ్ల వైపు చూస్తుందో అంతకాలం దొరలకు సుఖం. అది పైకి తల తిప్పితే పేరు మారుతుంది. మరునాడు కంపెనీ తలుపు తీసింది, లోపలికి ఒక్కరూ పోలేదు. అందరం స్టేషన్ ముందు కూర్చున్నాం. లేవకపోతే అరెస్టన్నారు. వ్యాను వచ్చింది. అందరికంటే ముందు పంకజం ఎక్కింది. వ్యానులో పట్టనివాళ్లం చక్రాల ముందు కూర్చున్నాం.

పొద్దు వాలేసరికి ఇన్‌స్పెక్టర్ బయటికి వచ్చాడు. ఫిర్యాదు తీసుకుంటాను, నందిత ఒక్కతే లోపలికి రావాలన్నాడు.

నందిత ఒక్కతే పోలేదు. పక్కనున్న కాంచనను మణికట్టు పట్టుకుని పైకి లేపింది.

"దీని మాట గూడా రాసుకోండి సార్. దీని మీద నాకు కోపం ఉండాది, అది వేరే కేసు. అది మేమే తీర్చుకుంటాం."