మూడోవారం ఫోన్లు

"చెప్పిన పని చేస్తుంది గానీ, సొంత బుర్ర తక్కువ."

తన గురించి పై అధికారి డ్వేన్ హాల్వర్సన్ ఫోన్‌లో ఈ మాట అన్నాడని తెలిసిన రోజు లోర్నా ప్రూయిట్ ఏడవలేదు. డులూత్‌లో ఒక కాలేజీ ఉద్యోగం చేతికందినట్టే అంది ఆ ఒక్క మాటతో పోయింది. అక్కడి ఎంపిక సంఘంలో ఉన్న ఒకావిడ మనసాగక ఆమెకు ఫోన్ చేసి, ఇంకోచోట సిఫారసుకు మీ పెద్దాయన పేరు ఇవ్వకమ్మా అని చెప్పింది. ఆ పేరు ఇవ్వకుండా ఎలా? రెండేళ్లు ఎవరి కింద పనిచేశామో వాళ్ల మాట లేకపోతే ఆ రంగంలో ఎవరూ గడప తొక్కనివ్వరు.

యూనివర్సిటీలో కొత్తగా చేరిన పిల్లల బాగోగులు చూసే ఆఫీసుకు డ్వేన్ అధికారి. లోర్నా అక్కడ ఎమ్మే చదువుకుంటూ పనిచేసే అసిస్టెంటు. వారానికి ఇరవై గంటల పని, బదులుగా ఫీజు మాఫీ, హాస్టల్లో ఒక గది. ఇరవై గంటలన్నది కాగితం మీది మాట, అది అందరికీ తెలిసిందే.

మొదటి ఏడాదే ఆమె ఒక సంగతి కనిపెట్టింది. ఇంటికి పారిపోయే పిల్లలు ఆరోవారంలో పారిపోతారు, మూడోవారంలోనే ఆ నిర్ణయానికి వస్తారు. ఎలా ఉన్నావని అడిగితే ప్రతివాడూ బాగానే ఉన్నానంటాడు. అందుకని ఆమె ఆ మాట అడగడం మానేసింది. ఫోన్ చేసి, రాత్రి ఏం తిన్నావు, ఎవరితో కలిసి తిన్నావు అని అడిగేది. ఎవరితో అన్నదగ్గర అవతలి గొంతు ఆగిపోతే, మర్నాడు ఆ గది తలుపు తట్టేది. ఎవరిని అడిగిందో, ఏం చెప్పారో అన్నీ తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో రాసుకునేది. ఆ ఏడు వెళ్లిపోయినవాళ్లు సగానికి తగ్గారు.

ఏం అడిగిందో కూడా కనుక్కోకుండా డ్వేన్ ఆ లెక్క తీసుకెళ్లి పెద్ద సభలో చదివి, బహుమతి పట్టుకొచ్చాడు. ఆఫీసు సమావేశపు గదిలో ఇత్తడి ఫలకం వెలిసింది. 'మూడోవారం ఫోన్లు: రూపకర్త డ్వేన్ హాల్వర్సన్.' నా పేరేదని లోర్నా అడిగితే, అసిస్టెంట్లు వస్తుంటారు పోతుంటారు, ఆఫీసు కదా ఉండేది అన్నాడు. అప్పటికి ఆమె సరిపెట్టుకుంది. డులూత్ సంగతి తెలిశాక మాత్రం ఊరుకోదలచుకోలేదు. బుర్ర దోచుకుని, బుర్ర లేదని చాటింపు కూడానా?

ఫిబ్రవరిలో కొత్త అసిస్టెంట్ల ఎంపిక. మంచులో పడి తొమ్మిదిమంది వచ్చారు. వాళ్లు రోజంతా ఆఫీసులన్నీ తిరిగి, తమకు కావలసినవాటి పేర్లు సాయంత్రం రాసిస్తారు. ఎవరూ కోరని ఆఫీసుకు ఆ ఏడు అసిస్టెంటు ఉండరు, ఆ చోటు వేరే ఆఫీసుకు పోతుంది. మధ్యాహ్న భోజనం మాత్రం డ్వేన్ ఆఫీసులో, పాత అసిస్టెంటు లోర్నాతోనే. అక్కడికి అధికారులు రాకూడదు, ఆ గదిలో మాట బయటికి పోకూడదు. తన దగ్గర దాపరికం లేదని చెప్పుకోవడానికి ఈ నియమం పెట్టింది డ్వేనే. భోజనం ఆ ఫలకం కిందే ఏర్పాటు చేయించిందీ ఆయనే. వచ్చినవాళ్లు చూడాలని ఆయన సరదా.

అందరూ అట్టపెట్టెలు విప్పి టర్కీ సాండ్‌విచ్‌లు తింటున్నారు. డకోటా నుంచి వచ్చిన మార్లిస్ అనే పిల్ల, అవకాశమిస్తే మళ్లీ ఈయన దగ్గరే చేరతారా అని అడిగింది. నోరు విప్పితే డ్వేన్ మంచి మాట ఇక ఎన్నటికీ రాదు. రాకపోతే పోయె, వచ్చి ఉద్ధరించింది ఏముంది?

"ఆయనకి నా పని బాగా నచ్చిందండీ," అంది. "ఎంత నచ్చిందంటే, దానికి తన పేరే పెట్టుకున్నారు."

తొమ్మిదిమందీ నవ్వారు. ఆమె నవ్వలేదు. సంచిలోంచి నోటుపుస్తకం తీసి, మొదటి పుట తెరిచి, ఫలకం కింద బల్ల మీద పెట్టింది. తేదీలు ఉన్నాయి, ఆమె చేతిరాత ఉంది. వాళ్లు పుస్తకం చూశారు, తలెత్తి గోడ చూశారు. ఒక్క అబద్ధం ఆడకుండా ఇంత పని అయినందుకు లోర్నా మనసు చల్లబడింది.

సాయంత్రం డ్వేన్ ఆఫీసు పేరు ఒక్క కాగితంలోనూ లేదు. మొహం జేవురించుకుని ఆమె బల్ల దగ్గరికొచ్చాడు.

"ఏం చెప్పావు వాళ్లకి?"

"ఆ గదిలో మాట బయటికి రాకూడదని మీరే గదా రూలు పెట్టారు, డ్వేన్ గారూ."

ఆ అసిస్టెంటు చోటు నడవకి అవతల ఉన్న మరో అధికారి బెర్నీస్ టేట్ ఆఫీసుకు పోయింది, అందులో మార్లిస్ చేరింది. రెండేళ్లుగా అన్నీ గమనించిన బెర్నీస్ లోర్నాకు తనే సిఫారసు ఉత్తరం రాసి, ఫార్గోలో ఉద్యోగం వచ్చేదాకా వదల్లేదు. వెళ్లే ముందు లోర్నా నోటుపుస్తకాన్ని మార్లిస్ చేతిలో పెట్టి, ఏం అడగాలో ఎక్కడ ఆగాలో నేర్పింది. పగ డ్వేన్ మీద, పిల్లల మీద కాదు.

సెప్టెంబరులో యూనివర్సిటీ పెద్దలు ఈ ఫోన్ల పనిని పంచి, తూర్పు హాస్టళ్లు మార్లిస్‌కు, పడమటి హాస్టళ్లు స్వయానా రూపకర్తకు అప్పగించారు. డ్వేన్ పది ప్రశ్నలు అచ్చువేయించుకుని ఫోన్ల ముందు కూర్చున్నాడు. అందరూ బాగానే ఉన్నామన్నారు. ఆరోవారం వచ్చేసరికి పడమటి వైపు పిల్లలు పెట్టెలు సర్దుకుని కార్లెక్కుతున్నారు, తూర్పు వైపు ఒక్కరూ కదల్లేదు. పెద్దలు ఆయన్ని పిలిచి కారణం అడిగారు. మార్లిస్‌ను అడగడానికి నామోషీ అనిపించి, ఆయన ఫార్గోకు ఫోన్ చేశాడు.

"లోర్నా, నువ్వు వాళ్లనేం అడిగేదానివమ్మా? కాస్త చెప్పు, పిల్లలు వెళ్లిపోతున్నారు."

ఈ ఫోన్ కోసం ఎన్ని నెలలుగా ఎదురుచూసిందో ఆమెకే తెలుసు.

"నిన్న రాత్రి ఏం తిన్నారు, డ్వేన్ గారూ?"

"నేనా? ఏదో డబ్బా సూపు."

"ఎవరితో కలిసి తిన్నారు?"

అవతల గొంతు ఆగిపోయింది.

"ఒక్కణ్నే తిన్నా. అయినా ఇప్పుడు నా తిండి గోల ఎందుకు? నేనడిగిందేంటి, నువ్వు మాట్లాడేదేంటి?"

"అడిగింది చెప్పేశానండీ," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఏం అడగాలో చెప్పలేదంటూ డ్వేన్ ఆ వారంలో ఇంకో రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆమె తీయలేదు.