తొట్టిలో ఉప్పు

గడియారాలు బాగుచేసే అల్లుడు ముందుగదిలో చిన్న సముద్రపు తొట్టి పెట్టాడు. ఉప్పునీళ్లు కలిపి, రాళ్లు పేర్చి, నీళ్లు కుదురుకునేదాకా నెలన్నర ఓపిగ్గా ఆగి, రెండు బతికున్న పగడాలూ ఒక నారింజరంగు చేపా తెచ్చి అందులో వదిలాడు. ఆ చేపంటే ఇంట్లో అందరికన్నా అత్తగారికే ముద్దు. పొద్దున్నే చిటికెడు మేత వేసి, "తిన్నావా బంగారూ?" అని పలకరించేది.

మూడో వారంలో పగడాలు ముడుచుకుపోయాయి. మర్నాడు చేప చచ్చి తేలింది. అతనికి ఒళ్లు మండిపోయింది.

"గుప్పెళ్లకొద్దీ మేత పోస్తే నీళ్లు పాడవవా అత్తయ్యా? ఇక ఆ తొట్టి జోలికి రాకండి!" అని భార్య ముందే అరిచాడు. ఆవిడ మేత డబ్బా తొట్టి పక్కన పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది.

సీసాలో ఆ నీళ్లు పట్టుకుని చేపల దుకాణానికి వెళ్లాడు. దుకాణాయన పరీక్షించి తల పట్టుకున్నాడు.

"ఉప్పు విపరీతంగా ఉందండీ. నీళ్లు తగ్గినప్పుడల్లా ఏం పోస్తున్నారు?"

"ఉప్పునీళ్లే. సముద్రపు తొట్టి కదా!"

"ఆవిరయ్యేది నీళ్లేనండీ, ఉప్పెక్కడికీ పోదు. ఉత్త మంచినీళ్లు పోయాలి."

అతనికి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి, "తప్పంతా నాదే అత్తయ్యా, క్షమించండి" అన్నాడు.

"పోనీలే బాబూ, నాకేం కోపం లేదు" అంది ఆవిడ.

నీళ్లు సర్దుకున్నాక కొత్త చేపను తెచ్చి, మేత డబ్బా ఆవిడ చేతికివ్వబోయాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నువ్వే వెయ్యి బాబూ. నాకు కొలత తెలీదు."

అప్పట్నుంచి మేత అతనే వేస్తున్నాడు. చేప బాగానే ఉంది. ఆవిడ మాత్రం ముందుగదిలోకి వస్తే కిటికీవైపు తిరిగి కూర్చుంటుంది.