మాలిని చెవిలో దిగిన మొన

మా ఏనుగు మాలిని కుడి చెవి అంచు నుంచి నెత్తురు కారుతోంది, దాని ముందుకాలేమో అప్పటికే రోహిణి గుండెకు జానెడు ఎత్తున గాల్లో ఉంది.

కేరళలో వడకర మైదానం, ఆదివారం మ్యాట్నీ. సర్కస్ డేరా కిక్కిరిసిపోయింది. మణికట్లకు బెల్టులు బిగించుకుని పలక మీద వెల్లకిలా పడుకున్నది మా అక్క కూతురు. ఆ ఏనుగు చెవికి అంకుశం తగిలించింది నేను. మాలినికి నేను నేర్పింది ఇదే: చెవికి అంకుశం వేలాడినంతసేపూ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండాలి. తీస్తే దించాలి.

అందుకే మా సర్కస్‌లో అంకుశానికి మొన ఉంచం. బరువు తెలిస్తే చాలు, గుచ్చుకోకూడదు. ఇవాళ కొక్కెం చివర తెల్లగా మెరుస్తోంది. ఎవరో ఆకురాయితో పదును పెట్టారు. నేను చూడకుండానే తగిలించాను. పద్దెనిమిదేళ్లలో చూడాల్సిన అవసరం రాలేదు.

తీస్తే కాలు దిగుతుంది. ఉంచితే మాలిని నొప్పికి తల విదిలిస్తుంది, కొక్కెం ఊడుతుంది, అప్పుడూ కాలు దిగుతుంది. చెవి అప్పటికే అదురుతోంది.

"చోయీ! బెల్టులు విప్పు!"

అవతలి పక్క నిలబడ్డ చోయి కదల్లేదు. ఏనుగులతో దుంగలు లాగించే నిలంబూరు కలప డిపో నుంచి వచ్చి పదిరోజులైన రెండో మావటి. వాడి చూపు నెత్తురు మీదే ఉంది.

"మావయ్యా, కునుకు పట్టిందా?" రోహిణి నవ్వు చెదరనివ్వకుండా గొణిగింది. "చోయి అన్నా, నీకూ పట్టిందా?"

"కదలకు తల్లీ. ఊపిరి కూడా మెల్లగా."

నా ఎడమ చేతిలో పొడుగు కర్ర ఉంది. ఒక కాలికి కర్ర ఆనిస్తే ఏ కాలూ కదపకూడదన్నది మాలిని పిల్లప్పుడు నేర్చిన పాఠం. కానీ కర్ర ఆనించి అంకుశం తీస్తే అది ఏ మాట వింటుందో నాకు తెలియదు. ఎప్పుడూ అలా చేసి చూడలేదు.

నేల మీదున్న కాలికి కర్ర ఆనించాను. కొక్కెం తీశాను.

ఎత్తిన కాలు ఆ జానెడూ కిందికి దిగింది. రోహిణి జాకెట్టు మీది తళుకులు దాని అరికాలికి తగిలాయి. అక్కడ ఆగింది.

ఆ కాలి కిందకే దూరి రెండు బెల్టులూ ఊడదీసి పిల్లను ఇవతలికి లాగేశాను. ఇదంతా ఆటలో భాగమనుకుని జనం ఈలలు వేశారు.

డేరా వెనక చోయి గడ్డివాము పక్కన కూలబడి ఉన్నాడు. అంకుశం వాడి ముందు పడేశాను.

"ఎవర్రా?"

"నేనే, ఆశాన్." మలయాళంలో గురువుని అలాగే పిలుస్తారు. "పొద్దున మీరు మాలినిని స్నానానికి తోలుకెళ్లినప్పుడు దీన్ని నూరాను. డిపోలో మొన మొద్దుబారితే మా పెద్దమావటి చెంప పగలగొట్టేవాడు. మీదేమో బొత్తిగా మొద్దు. మా తమ్ముణ్ణి ఏనుగు తొక్కేసినప్పుడు నా చేతిలో ఉన్నదీ మొద్దుదే, ఎంత లాగినా అది ఆగలేదు. రోజూ ఆ కాలి కింద బెల్టులు విప్పాలంటే నాకు వణుకు. పదునుంటే మీ మాట వింటుందనుకున్నా. భయమని చెబితే నవ్వుతారని చెప్పలేదు. రోహిణి పిలవడం విన్నాను ఆశాన్. కాళ్లు రాలేదు."