తాళమెవడేశాడు?

కోల్డ్ స్టోరేజీలో మంటలు లేచిన రోజు సగం గుంటూరు దగ్గుతూనే ఉంది. మిర్చి కాలితే వచ్చేది ఉత్త పొగ కాదు. జనం కళ్ళు తెరవలేక ఇళ్ళు వదిలి రోడ్ల మీదికి పరిగెత్తారు. లోపల మిర్చి బస్తాలు పేరుస్తున్న హమాలీల్లో ముందు గేటు దగ్గరున్నవాళ్ళు బయటపడ్డారు. వెనక వైపున్న గౌస్ బాషా బయటపడలేక లోపలే పోయాడు. సరుకు దొంగలు ఎత్తుకుపోతారని వెనక తలుపుకి బయటినుంచి తాళం వేసి ఉంది. వెంటిలేటర్ పగలగొట్టుకుని దూకిన తోటి హమాలీ జక్రయ్య ఒక్కడే ఆ తాళాన్ని కళ్ళారా చూశాడు.

మర్నాడు ఓనరు చెంచయ్య పేపరువాళ్ళని పిలిచి, హమాలీ ఎవడో లోపల బీడీ కాల్చాడని చెప్పాడు. గౌస్ బాషా జన్మలో బీడీ ముట్టలేదు. అతని భార్య నస్రత్ ఏడుస్తూనే పోలీసు స్టేషన్ మెట్లెక్కి కేసు పెట్టింది. "ఎక్కడ నిలబెట్టినా చెబుతానమ్మా" అని జక్రయ్య ఆమెకి మాటిచ్చాడు.

నస్రత్ తమ్ముడు ముబీన్ మాత్రం పాట కట్టాడు.

ముబీన్ బస్టాండు దగ్గర సెల్ షాపులో పనిచేస్తాడు. వచ్చినవాళ్ళ మెమరీ కార్డుల్లో పాటలెక్కించడం అతని పని. ర్యాప్ పిచ్చి మాత్రం అంతకుముందే పట్టుకుంది. ఇంటర్ తప్పి ఊరికే తిరిగే రోజుల్లో, స్నేహితుడు అంకమ్మరావుతో కలిసి కేబుల్ ఆఫీసులో కూర్చుని అమెరికా నల్లజాతి కుర్రాళ్ళ పాటలు చూసేవాడు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కానీ వాళ్ళు పాడుతున్నట్టుండేది కాదు, ఎవణ్ణో కాలర్ పట్టుకుని అడుగుతున్నట్టుండేది. అది ముబీన్‌కి అర్థమయ్యింది. అప్పటినుంచీ వదులు పాంట్లేసుకుని, డాబా మీద అట్టపెట్టెలు పరిచి ఇద్దరూ గింగిరాలు తిరిగారు. వీధిలోవాళ్ళు నవ్వారు.

తర్వాత అంకమ్మరావు కంప్యూటర్ కొని చిన్న రికార్డింగ్ గది పెట్టుకున్నాడు. బావ మీద కట్టిన పాట అక్కడే తయారైంది.

"బీడీ ముట్టని నోటికి బీడీ పెట్టిందెవడు? బతికున్న మనిషి మీద తలుపేసిందెవడు? తాళమెవడేశాడు? తాళమెవడేశాడు?"

ఇల్లూ వాకిలీ అన్నీ మర్చిపోయి పాడాడు ముబీన్. షాపుకొచ్చిన ప్రతివాడి కార్డులోనూ అడక్కుండానే ఎక్కించాడు. బ్లూటూత్‌లో ఆ పాట ఫోన్ నుంచి ఫోన్‌కి పాకింది. మిర్చి యార్డులో హమాలీలు బస్తా ఎత్తుతూ "తాళమెవడేశాడు" అనుకుంటుంటే, నస్రత్ చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తింది.

ఆ వేసవిలో ఎన్నికలొచ్చాయి. చెంచయ్యకి టికెట్ వచ్చింది.

ఒక మధ్యాహ్నం మైకు కట్టిన ఆటో ఒకటి షాపు ముందు ఆగింది. అందులోంచి ముబీన్‌కి తన గొంతే వినపడింది. "తలుపు... తలుపు... తాళం... తాళం..." అంటోంది. ఆ ముక్కల మధ్యలో ఇంకెవడిదో హుషారైన గొంతు. "పేదోడి తలుపెవడు తీస్తాడు? చెంచయ్య! కష్టాల తాళమెవడు తీస్తాడు? చెంచయ్య!" ఆటో వెనక కుర్రాళ్ళు ఈలలేస్తూ ఎగురుతున్నారు.

ముబీన్ షాపు వదిలేసి అంకమ్మరావు దగ్గరికి పరిగెత్తాడు.

"ఒరేయ్, అది మా బావ చావురా!"

అంకమ్మరావు కుర్చీలోంచి లేవలేదు. "కాదన్నానా? బీటు నాది. వాళ్ళడిగారు, ఇచ్చాను."

"నా గొంతు కూడా నీదేనా?"

"చూడు ముబీనూ, కేబుల్ ఆఫీసు రోజులు పోయాయి. ఇప్పుడు ర్యాప్ అంటే ఏంట్రా? సినిమాలో హీరో కారు దిగుతుంటే వేస్తారు. సబ్బు అమ్మడానికేస్తారు. ఓట్లకీ వేస్తారు. జనానికి ఊపు కావాలి. నీ ఏడుపెవడిక్కావాలి?"

ముబీన్ వెనుదిరిగాడు. షాపులో తనని అందరూ అడిగేదీ అదే, "ఊపున్న పాటెక్కించు బ్రదర్" అని.

ఇంటికెళ్ళేసరికి నస్రత్ గుమ్మంలోనే నిలబడి ఉంది. "జక్రయ్యన్న వచ్చి వెళ్ళాడు" అంది. "మీ తమ్ముడే వాళ్ళకి పాడాక, నేనొక్కణ్ణీ చెంచయ్య మీద ఎందుకు సాక్ష్యం చెప్పాలమ్మా అన్నాడు. నేనేం చెప్పనురా?"

"నేనివ్వలేదక్కా. అల్లా మీద ఒట్టు."

"గొంతు నీదే కదరా."



ప్రచారం ముగిసే ముందురోజు సాయంత్రం యార్డు రోడ్డులో సభ పెట్టారు. ముబీన్ నేరుగా స్టేజి దగ్గరికెళ్ళి, ఆ పాట పాడింది తనేనన్నాడు. నిర్వాహకులు ఎగిరి గంతేసి మైకు చేతికిచ్చారు. కుర్చీలో కూర్చున్న చెంచయ్య ఆప్యాయంగా అతని భుజం తట్టాడు. బీటు మొదలైంది. జనం చేతులు పైకెత్తారు.

"బీడీ ముట్టని నోటికి బీడీ పెట్టిందెవడు?"

"చెంచయ్య!" అని జనం అరిచారు. అలవాటైన జవాబు అది.

"గౌస్ బాషా మీద తలుపేసిందెవడు?"

"చెంచయ్య!"

"తాళమెవడేశాడు?"

"చెంచయ్య! చెంచయ్య!"

ముబీన్ జనం వైపు చూశాడు. ఇన్ని వేలమంది నిజం చెబుతున్నారు. ఒక్కడైనా ఆగి, తనేమన్నాడో వినిపించుకోడేం? కుర్రాళ్ళు ఎగురుతూనే ఉన్నారు. చెంచయ్య నవ్వుతూ జనానికి దణ్ణాలు పెడుతున్నాడు. ముందు వరసలో, మెళ్ళో పార్టీ కండువాతో జక్రయ్య కనిపించాడు. అందరూ అరుస్తున్నా అతని నోరు మాత్రం కదల్లేదు. ముబీన్ అతని కళ్ళలోకే చూస్తూ మళ్ళీ అడిగాడు. "చెప్పు జక్రయ్యన్నా! తాళమెవడేశాడు?"

జక్రయ్య తల దించుకున్నాడు.

అప్పటికి స్టేజి మీద ఎవడికో వెలిగింది. మైకు ఆగిపోయింది, బీటు ఆగలేదు. ముబీన్ ఉత్త గొంతుతో అరిచాడు గానీ, స్పీకర్ల హోరులో అది అతనికే వినపడలేదు. స్టేజి వెనక్కి లాక్కెళ్ళి కొట్టారు. ముందు పళ్ళు ఊడిపోయాయి. అవతల పాట అయిపోయేదాకా జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

ఆసుపత్రిలో నస్రత్ అతని పెదాలు తడిపి పక్కనే కూర్చుంది. "అక్కడేమని అడిగావో నాకు చెప్పరా" అంది. ముబీన్ చెప్పబోయాడు. పళ్ళ సందుల్లోంచి గాలి పోయింది తప్ప మాట సాఫీగా రాలేదు. "వద్దులే, నాకర్థమైంది" అని ఆమె అతని తల తన ఒళ్ళో పెట్టుకుంది.

చెంచయ్య గెలిచాడు. పాట పేరు ఇప్పుడు "చెంచయ్య ర్యాప్". ఓడినవాళ్ళ పిల్లలు కూడా పెళ్ళి ఊరేగింపుల్లో దానికే డాన్సు కడుతున్నారు. షాపులో ముబీన్ చోట ఇంకొకణ్ణి పెట్టుకున్నారు.

వర్షాలు మొదలయ్యాక కేసు విచారణకొచ్చింది. అక్కాతమ్ముళ్ళిద్దరూ కోర్టుకెళ్ళారు. బంట్రోతు వరండాలోకొచ్చి జక్రయ్య పేరు పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. ఎవరూ రాలేదు. అతను చెంచయ్య కొత్త కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్‌గా చేరాడని వకీలు మెల్లగా చెప్పాడు.

నస్రత్ లేచి నిలబడింది. "అయ్యా, నన్ను అడగండి. నేను చెబుతాను."

"నువ్వు చూశావా అమ్మా?" అని జడ్జి అడిగాడు.

"చూళ్ళేదండి."

"అయితే కూర్చో."

ఆమె కూర్చోలేదు. కూర్చోబెడదామని ముబీన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని, తనూ పక్కన లేచి నిలబడ్డాడు. బంట్రోతు తర్వాతి కేసు పేరు పిలిచాడు.